పార్సిప్పనీ పెరట్లో త్రిశంకు

పాఠక మహాశయులు ముందుగానే గుండె దిటవు చేసుకోవలసిందిగా ప్రార్థన. ఈ వృత్తాంతంలో ఒక నక్షత్రమండలం యావత్తూ గల్లంతవుతుంది. ఒక సద్వంశపు ఇంటికప్పు గాయపడుతుంది. పదమూడేళ్ళ పిల్ల కన్న కల ఒకటి సముద్రపు ఒడ్డు దాకా వెళ్ళి మునగబోతుంది. ఇన్ని అనర్థాలకూ కారకుడు ఒక్కడే. అతని తర్కంలో మాత్రం చివరి క్షణం దాకా ఎక్కడా దోషం ఉండదు. ఆ మహానుభావుణ్ణి నేనే.

ఎనభయ్యో దశకం నడిమి సంగతి. నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు. కాలేజీ రోజుల్లో వక్తృత్వపు పోటీలలో వేదికలెక్కి దిగి, దిగి ఎక్కి, 'అధ్యక్షా' అన్న సంబోధన లేకుండా మంచినీళ్ళు కూడా అడగలేని స్థితికి చేరుకున్నాను. నా సిద్ధాంతం ఒక్కటే: ఎవరు చెప్పినా ప్రశ్నించాలి. పెద్దలు చెప్పినా, పుస్తకం చెప్పినా, వాతావరణ శాఖ చెప్పినా సరే. ఈ సిద్ధాంతానికి ఒక చిన్న మినహాయింపు ఉండేది. నేను చెప్పినదాన్ని ప్రశ్నించనక్కరలేదు.

ఈ సిద్ధాంతాన్నీ, ఒక సూట్‌కేసునీ వెంటబెట్టుకుని న్యూజెర్సీలో పై చదువుకు దిగి, పార్సిప్పనీలో రామచంద్రం గారింటి బేస్‌మెంట్‌లో అద్దెకు చేరాను. రామచంద్రం గారు ఇంజనీరు. పైగా మా ఒంగోలు మనిషి. ఆయన భార్య సుభద్రక్కయ్య. వాళ్ళమ్మాయి లత అక్కడే పుట్టి పెరిగిన పిల్ల. ఏడో తరగతి చదువుతోంది. నాకు మీసం సరిగా రాకముందే నన్ను 'అంకుల్' అని పిలిచి వృద్ధుల జాబితాలో చేర్చిన తొలి వ్యక్తి ఆమే. ఆ వసంతంలో రామచంద్రం గారి తల్లి, మేమంతా మామ్మగారు అని పిలిచే రాజ్యలక్ష్మమ్మ గారు, ఆరు నెలలు ఉండిపోదామని ఒంగోలు నుంచి వచ్చారు.

ఒకనాడు భోజనాల దగ్గర లత తన స్కూలు సైన్స్ ఫెయిర్ సంగతి ఎత్తింది. ఒక నక్షత్రమండలాన్ని ఎంచుకోవాలి. మూడు సాయంత్రాలు స్వయంగా కళ్ళతో చూసి, చూసింది చూసినట్లు బొమ్మ గీయాలి. ఫెయిర్‌లో నెగ్గినవాళ్ళను వేసవిలో వారం రోజులు ఆకాశ పరిశీలన క్యాంప్‌కి తీసుకెళ్తారు. అక్కడ మనిషి దూరిపోయేంత పెద్ద టెలిస్కోపు ఉంటుందట. ఏడాదిగా ఆ పిల్ల నిద్రలోనూ దాని పేరే కలవరిస్తోంది.

"నేను లియో తీసుకున్నాను. సింహం. ఒక డ్రాయింగ్ ఆల్రెడీ చేశాను" అంది లత.

నేను పప్పన్నం కలపడం ఆపాను. వాదం మొదలుపెట్టే ముందు చెయ్యి ఖాళీగా ఉండాలన్నది నా నియమం.

"లతా, నీ క్లాసులో ఇంకెంతమంది సింహం తీసుకున్నారు?"

"సిక్స్ అనుకుంటా."

"ఆరు సింహాలున్న చోట ఏడో సింహానికి గౌరవం ఉంటుందా? అందరూ పెద్దవాటి వెనక పడుతున్నప్పుడు నువ్వు అన్నిటికంటే చిన్న మండలాన్ని ఎందుకు ఎంచుకోకూడదు? దక్షిణాన త్రిశంకు ఉంది. ఎనభై ఎనిమిది మండలాల్లోనూ అదే చిన్నది. నాలుగు తారలు గాలిపటంలా ఉంటాయి. అడుగునున్నది అన్నిటిలోకీ ప్రకాశవంతమైనది. టెలిస్కోపులో చూస్తే ఒకటి కాదు, రెండని తేలుతుంది. శిఖరాన ఉన్నది ఎర్రనిది. ఎడమవైపు నీలితార పక్కనే ఒక నక్షత్రగుచ్ఛం ఉంది. నగల పెట్టె మూత తీసినట్లు ఉంటుందట. దాని పక్కనే బొగ్గుల బస్తా లాంటి నల్లని మచ్చ. ఇంత చిన్న స్థలంలో ఇంత సంసారం!"

మామ్మగారి ముఖం వెలిగిపోయింది. "త్రిశంకుడా! మా డాబా మీద పడుకుంటే ఎదురుగానే కనిపించేవాడు కదరా. విశ్వామిత్రుడు బొందితో స్వర్గానికి పంపిస్తే దేవతలు కిందికి తోసేశారు. తలకిందులుగా పడిపోతుంటే ఆయన అక్కడే ఆగమన్నాడు. ఆగిపోయాడు."

"క్షమించాలి మామ్మగారూ. ఆ పురాణభాగానికి నిరూపణ లేదు" అన్నాను.

"నిరూపణేమిటి నీ మొహం! డాబా మీంచి కనిపించేవాడా, లేదా?"

"ఆ భాగం మాత్రం నేను స్వయంగా చూశాను. అంగీకరిస్తున్నాను."

ఇక్కడ పాఠకులు గమనించాలి. ఆస్తికురాలైన ఆవిడా, హేతువాదినైన నేనూ ఏకీభవించిన ఏకైక అంశం అదే. అది పార్సిప్పనీలో నిలబడి ఒంగోలు డాబా గురించి కావడమే విశేషం.

మరునాడు లత లైబ్రరీ పుస్తకం ఒకటి పట్టుకుని బేస్‌మెంట్ మెట్లు దిగి వచ్చింది. "అంకుల్, ఈ బుక్‌లో త్రిశంకు ఇక్కణ్ణుంచి కనిపించదు అని ఉంది. ఫ్లోరిడా చివర్లో అయితే కొంచెం కనిపిస్తుందట."

"ఆ గ్రంథకర్త మన పెరట్లోకి వచ్చి చూశాడా?"

"లేదు."

"మీ నాన్నగారి అనుమతి అడిగాడా?"

"ఐ డోంట్ థింక్ సో."

"అయితే అది విన్న మాట, కన్న సాక్ష్యం కాదు. నేనూ, మామ్మగారూ కన్న సాక్షులం. ఇద్దరు ప్రత్యక్ష సాక్షులు ఒకవైపు, రాని మనిషి ఒకవైపు. నువ్వే న్యాయం చెప్పు."

పాపం, ఆ పిల్ల న్యాయం చెప్పింది. సింహం బొమ్మ సొరుగులోకి వెళ్ళింది. త్రిశంకు పేరు టీచర్ దగ్గర నమోదైంది. మార్చుకోవడానికి ఇక వీలు లేదన్నారు.

మొదటి సాయంత్రం చీకటి పడగానే అందరం ఇంటిముందు డ్రైవ్‌వేలో నిలబడ్డాం. నా పద్ధతి శాస్త్రీయం. ముందు దక్షిణాన హస్తను పట్టుకోవాలి. నాలుగు చుక్కల చతుష్కోణం. దొరికింది! స్పష్టంగా, మా ఒంగోలులో లాగే, కాకపోతే కాస్త కిందికి దిగి ఉంది. దానికి నేను ప్రాముఖ్యం ఇవ్వలేదు. హస్త నుంచి నేరుగా కిందికి వేలు దించుకుంటూ వస్తే త్రిశంకు తగలాలి. గంభీరంగా వేలు దించాను. దించాను, దించాను. వేలు వెళ్ళి రామచంద్రం గారి స్టేషన్ వ్యాగన్ బంపర్ మీద ఆగింది.

"ఏమోయ్ శేషూ, నా నంబర్ ప్లేటులో ఉన్నాడా?" అన్నారు రామచంద్రం గారు.

"కారు అడ్డుగా ఉందండీ."

ఆయన కారు తీసి రోడ్డు మీద పెట్టారు. వేలు ఈసారి ఎదురింటివాళ్ళ పోస్టుబాక్సు మీద ఆగింది.

"అంకుల్, నాకేం కనిపించట్లేదు" అంది లత.

"కనిపించకపోవడం వేరు, లేకపోవడం వేరు. చెట్లూ ఇళ్ళూ అడ్డు. ఒంగోలులో మేం చూసింది డాబా మీంచి. కాబట్టి ఎత్తుకు వెళ్ళాలి. ప్రస్తుతానికి కనిపించింది కనిపించినట్లు గీయి."

ఆమె హస్తను గీసి, కింద బంపర్ గీసింది. నిజాయితీ గల పిల్ల.

రెండో సాయంత్రం ఇంటికప్పు ఎక్కాను. ఈ నిర్ణయంలోని సూక్ష్మమైన లోపాన్ని ఎక్కాకే గ్రహించాను. ఒంగోలు మనిషి దృష్టిలో ఇంటి పైభాగం పడుకునే చోటు. పార్సిప్పనీలో అది జారే చోటు. నిచ్చెన మీంచి పైకి పాకి, కప్పు కొనకు ఇరువైపులా కాళ్ళు వేసి, పెళ్ళికొడుకు గుర్రం ఎక్కినట్లు కూర్చున్నాను. ఎక్కే క్రమంలో కప్పు పలక ఒకటి ఊడి రోజా మొక్కల్లో పడింది. కింద నిచ్చెన పట్టుకుని రామచంద్రం గారు. ఆయన పక్కన చాపా దిండుతో మామ్మగారు.

"ఒరేయ్ రాముడూ, నన్నూ ఎక్కించరా. పడుకుని చూస్తాను."

"అమ్మా, ఇది డాబా కాదు, జారుడుబల్ల. ఏమోయ్ శేషూ, కనిపించాడా?"

"ఇంకా లేదండీ. పక్కింటివాళ్ళ చిమ్నీ అడ్డొస్తోంది."

"పడగొట్టమని అడగమంటావా?"

"అవసరమైతే ఆ ప్రతిపాదన పరిశీలిద్దాం."

ఈలోగా పక్కింటావిడ బయటికి వచ్చి, అంతా క్షేమమేనా అని సుభద్రక్కయ్యను అడిగింది. అబద్ధమాడడం తెలియని అక్కయ్య ఇంగ్లీషులో ఉన్నదున్నట్లు చెప్పింది. "మా ఊరి తరఫు రాజుగారొకరు ఆకాశంలో తలకిందులుగా వేలాడుతుంటారు. ఆయన ఈ పక్కకేమైనా వచ్చారేమోనని ఈ అబ్బాయి చూస్తున్నాడు."

పక్కింటావిడ మెల్లగా లోపలికి వెళ్ళి కర్టెన్లు వేసుకుంది.

ఎక్కడం నా తర్కంలో ఉంది కాని, దిగడం లేదు. చివరికి రామచంద్రం గారు పైకి వచ్చి, నా పాదాలను ఒక్కొక్కటిగా తీసి మెట్ల మీద పెట్టి, తప్పటడుగుల పాపాయిని దించినట్లు దించారు. ఆ సాయంత్రం లత హస్తను గీసింది, చిమ్నీ గీసింది, కప్పు మీంచి వేలాడుతున్న నా ఎడమకాలు కూడా గీసింది.

"అంకుల్, సోమవారం ఫెయిర్. ఇంక ఒక్క ఈవెనింగే ఉంది" అంది ఆ రాత్రి. "మీరు షూరేనా?"

పాఠకులారా, పరువున్న మనిషి అక్కడ ఆగిపోతాడు. నేను వక్తను కాబట్టి ముందుకు సాగాను. "సముద్రం దగ్గర చెట్లుండవు, చిమ్నీలుండవు. పైగా దక్షిణంగా వెళ్తాం. శనివారం కేప్ మే ప్రయాణం పెట్టుకుందాం. న్యూజెర్సీకి దక్షిణాన అదే చివరి అంచు. అక్కడ త్రిశంకు తప్పించుకోలేడు."

శనివారం మధ్యాహ్నం స్టేషన్ వ్యాగన్‌లో పులిహోర డబ్బా, పెరుగన్నం, బైనాక్యులర్స్, మామ్మగారి చాపతో సహా బయలుదేరాం. నేను ముందు సీట్లో మ్యాప్ పట్టుకుని సేనాధిపతిలా కూర్చున్నాను.

"ఇంకా ఎంత దూరం దక్షిణానికోయ్?" అన్నారు రామచంద్రం గారు చాలాసేపటికి.

"కనిపించేదాకానండీ."

"అలాగైతే నెల్లూరు వస్తుందేమో చూసుకో."

పొద్దువాలేసరికి ఒడ్డుకు చేరాం. దక్షిణాన నీళ్ళు తప్ప మరేమీ లేవు. చీకటి చిక్కబడింది. హస్త తన చోటికి తాను వచ్చింది. నేను వేలు దించడం మొదలుపెట్టాను. వేలు నీటి అంచుకు చేరుతుండగా అక్కడ, సరిగ్గా ఆ అంచు మీద, నాలుగు దీపాలు! గాలిపటంలా. అడుగున తెల్లగా ప్రకాశించేది, పక్కల రెండు, శిఖరాన ఎర్రనిది.

నేను కేక పెట్టాను. "అధ్యక్షా! అదుగో త్రిశంకు!"

టార్చిలైటు తీసి గాలిలో ఊపుతూ ఒక్కొక్క తారనూ వర్ణించసాగాను. మామ్మగారు చేతులు జోడించారు. సుభద్రక్కయ్య నా వైపు తొలిసారి గౌరవంగా చూసింది. లత బైనాక్యులర్స్ ఎత్తి, ఆనందంతో గెంతుతూ చూడసాగింది.

"ఎడమవైపు తార పక్కన చూడు లతా. నగల పెట్టె కనిపించాలి. చిన్న చిన్న చుక్కలు, మధ్యలో ఒక ఎర్రనిది."

"ఎర్రది ఉంది అంకుల్! వెలుగుతోంది, ఆరుతోంది."

"నక్షత్రాలు మిణుకుమంటాయి. అదే ప్రమాణం."

"దాని పక్కన ఒక మనిషి నిలబడ్డాడు."

"ఎక్కడ?"

"నగల పెట్టె దగ్గర. సిగరెట్ కాలుస్తున్నాడు."

"దృష్టిభ్రమ" అన్నాను. "చాలాసేపు చూస్తే కళ్ళు అలాగే మోసం చేస్తాయి."

"అంకుల్, త్రిశంకు పెద్దదవుతోంది."

"భూమి తిరుగుతోంది కనుక తారలు కదిలినట్లు తోస్తుంది."

"మన వైపు తిరుగుతోందా?"

నేను జవాబు కూర్చుకుంటుండగా త్రిశంకు హారన్ కొట్టింది.

ఆ ధ్వనికి మామ్మగారు చాప మీద కూలబడ్డారు. చేపల పడవ ఒకటి ఒడ్డుకు చేరువగా వచ్చి నిలిచింది. అందులోంచి సిగరెట్ మనిషి చేతులు నోటి చుట్టూ పెట్టుకుని ఏదో అరిచాడు.

"త్రిశంకుడు ఏమంటున్నాడురా?" అని అడిగారు మామ్మగారు.

"టార్చి ఊపుతుంటే ఆపదలో ఉన్నామనుకున్నాడటమ్మా. ఏమైనా సాయం కావాలా అంటున్నాడు" అన్నారు రామచంద్రం గారు.

"పాపం, తను తలకిందులుగా ఉండి కూడా!" అన్నారు మామ్మగారు. ఆమె అమాయకంగా అన్నారా, నన్ను ఉద్దేశించి అన్నారా అన్నది నాకు ఈనాటికీ తేలలేదు.

పడవ వెళ్ళిపోయింది. దాంతోపాటే త్రిశంకు నాలుగు తారలూ, నగల పెట్టె కూడా తూర్పు దిక్కుగా తరలిపోయాయి. హస్త కింద నల్లని నీళ్ళు మిగిలాయి.

ఎవరూ నవ్వలేదు. లత ఏడుస్తోంది. శబ్దం లేకుండా, బైనాక్యులర్స్ ఒళ్ళో పెట్టుకుని. "నా లియో ఉంటే ఈపాటికి అయిపోయేది. నేను క్యాంప్‌కి వెళ్ళలేను."

సంజాయిషీ కోసం నోరు తెరిచాను. "లతా, ఒంగోలులో మేం..."

"అంకుల్, ప్లీజ్. ఒంగోలు ఎక్కడుంది?"

"ప్రకాశం జిల్లాలో."

"భూమి మీద ఎక్కడ!" అంటూ కళ్ళు తుడుచుకుంది. సుభద్రక్కయ్య ఇచ్చిన నారింజపండు చేతిలోకి తీసుకుని దానివైపు చాలాసేపు చూసింది. నోట్లోని చూయింగ్ గమ్ తీసి రెండు ముక్కలు చేసింది. పులిహోరలోంచి రెండు వేరుశనగ పలుకులు ఏరింది. ఒక పలుకును పండు నడుముకు కాస్త పైన అంటించి, "ఇది ఒంగోలు" అంది. ఇంకొకటి బాగా పైన అంటించి, "ఇది మనం" అంది. నా చేతిలోని టార్చి లాక్కుని, ఇసుకలో దూరంగా, పండుకు దిగువగా పెట్టి, "అది త్రిశంకు" అంటూ పండును మెల్లగా తిప్పింది.

ఒంగోలు పలుకు మీద వెలుతురు పడింది. పార్సిప్పనీ పలుకు మీద పడలేదు. ఎంత తిప్పినా పడలేదు. పండు పొట్ట అడ్డం వచ్చింది.

"చెట్టు కాదు అంకుల్. చిమ్నీ కాదు. ఎర్త్ అడ్డొస్తోంది."

ఆమె ముఖంలో ఏడుపు ఎక్కడికి పోయిందో తెలియదు. కాగితం తీసి హస్తను గీసింది. కింద పడవను, సిగరెట్‌తో సహా గీసింది. తిరుగు ప్రయాణానికి నేను మ్యాప్ పట్టుకుని ముందు సీటు వైపు నడుస్తుంటే రామచంద్రం గారు మృదువుగా వెనక తలుపు తీసి పట్టుకున్నారు. పార్సిప్పనీ దాకా మాట్లాడొద్దంది లత; నేను ఒక్క ముక్క మాట్లాడలేదు. మామ్మగారు మధ్యలో నా నుదుటి మీద చెయ్యి వేసి, జ్వరమేమోనని చూశారు.

సోమవారం స్కూలు జిమ్‌లో ఫెయిర్. ఆరు సింహాల నడుమ లత బోర్డు నిలబడింది. పైన పెద్ద అక్షరాలతో: 'పార్సిప్పనీ నుంచి త్రిశంకు ఎందుకు కనిపించదు?' కింద మూడు సాయంత్రాల బొమ్మలు, చూసింది చూసినట్లు: బంపర్, చిమ్నీ, పడవ. ముందు బల్ల మీద నారింజపండు, రెండు పలుకులు, ఒక దీపం. నాన్నగారి కాలిక్యులేటర్‌తో ఆదివారమంతా కూర్చుని మరో లెక్క కూడా తేల్చింది. త్రిశంకు మొత్తం కనబడాలంటే మా ఇంటికప్పు నూరు కిలోమీటర్లకు పైమాటే ఎత్తుండాలి.

"అంత ఎత్తులో గాలి ఉండదు అంకుల్. మీరు మాట్లాడలేరు" అని నాకు విడిగా వివరించింది.

"అయితే ఆ అంతస్తులు వెంటనే వేయిద్దాం" అన్నారు రామచంద్రం గారు.

న్యాయనిర్ణేతగా వచ్చిన పొడుగాటి పెద్దమనిషి బోర్డు ముందు ఆగాడు. పండు తిప్పి చూశాడు. బొమ్మలు చూశాడు. రెండో బొమ్మలో వేలాడుతున్న కాలి దగ్గర కాస్త ఎక్కువసేపు నిలిచాడు. తర్వాత బోర్డు అడుగున, పరిశీలనలో పొరపాట్లకు కారణాలేమిటో రాయవలసిన చోట, లత రాసింది పైకి చదివాడు.

"మబ్బులు: లేవు. వీధిదీపాలు: కొద్దిగా. అంకుల్: చాలా ఎక్కువ."

ఆయన కళ్ళద్దాలు తీశాడు. "ఈ అంకుల్ ఎవరు?"

మామ్మగారికి ఇంగ్లీషు రాదు. అయినా ఆ ప్రశ్న మాత్రం ఎలా అర్థమైందో, వెంటనే చెయ్యి చాచి నన్ను చూపించారు. జిమ్‌లో ఉన్నవాళ్ళంతా ఇటు తిరిగారు. ఆరు సింహాల యజమానులు కూడా. వేదిక దొరికితే వదలని నేను, ఆ రోజు వేదికకే దొరికిపోయాను.

పెద్దమనిషి మళ్ళీ లత వైపు తిరిగాడు. "మంచి శాస్త్రజ్ఞురాలు పొరపాటుకు కారణం కనుక్కోవడంతో ఆగదు. దాన్ని సరిదిద్దుతుంది. నువ్వేం చేశావు?"

"వెనక సీట్లో కూర్చోబెట్టి మాట్లాడొద్దన్నాం సర్" అంది లత. "రిజల్ట్స్ వెంటనే ఇంప్రూవ్ అయ్యాయి."

ఆయన నవ్వు ఆపుకోలేక బల్ల పట్టుకున్నాడు. ఆ వేసవి క్యాంప్‌కి వెళ్ళినవాళ్ళలో మొదటి పేరు లతదే.

కావున, పాఠక మహాశయుల సమక్షంలో ఈ క్రింది ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకమీదట నిలబడిన చోటేదో విచారించుకోకుండా ఆకాశం గురించి వాదించను. సిగరెట్ కాల్చే నక్షత్రాలను శాస్త్రీయంగా సమర్థించను. పిల్లల సింహాల జోలికి పోను. దీనికి ఉత్తరాన వెలిగే ధ్రువ నక్షత్రమే సాక్షి. అది ఇక్కణ్ణుంచి కనిపిస్తుంది. ముందుగా లతను అడిగి నిర్ధారణ చేసుకున్నాను.